చెత్తడబ్బా చప్పుళ్లు లెక్కపెట్టిన కోడ్: డేటా నేర్చుకోవాలంటే బేస్‌బాల్‌తో మొదలుపెట్టండి

2020 జనవరి చివర్లో ఒక అమెరికన్ బేస్‌బాల్ అభిమాని తన సొంత టీమ్ చేసిన మోసాన్ని లెక్కగట్టి ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. టీమ్ పేరు హ్యూస్టన్ ఆస్ట్రోస్. 2017 సీజన్‌లో ఆ టీమ్ సొంత గ్రౌండ్‌లో ఆడిన మ్యాచుల్లో 58 మ్యాచుల వీడియోలు అతనికి దొరికాయి. వాటిలో 8,274 బంతుల్ని ఒక్కొక్కటిగా చూసి, విని, 1,143 బంతులకు ముందు చెత్తడబ్బా మీద కొట్టిన చప్పుడు ఉందని తేల్చాడు. అతను పోలీసు కాదు, లీగ్ ఉద్యోగి కాదు. అతని దగ్గర ఉన్నవి అందరికీ దొరికే డేటా, అందరికీ దొరికే వీడియోలు, తను రాసుకున్న చిన్న ప్రోగ్రామ్. అంతే.

చెత్తడబ్బాకీ బేస్‌బాల్‌కీ సంబంధం ఏంటో తర్వాత చెప్తాను. ముందు నా పాయింట్ ఏంటంటే, పైథాన్ నేర్చుకుంటున్నవాళ్లూ, డేటా అనలిటిక్స్ వైపు వెళ్దామనుకుంటున్నవాళ్లూ మొదటి ప్రాజెక్ట్‌గా బేస్‌బాల్ తీసుకోండి. ఆట ఒక్కసారి కూడా చూడకపోయినా పర్లేదు. నిజానికి చూడకపోతేనే మంచిది, ముందే ఏర్పడిన అభిప్రాయాలు ఉండవు.

ఎందుకంటే ఇప్పుడు ఏ ఫ్రెషర్ రెజ్యూమె తెరిచినా టైటానిక్ ఓడే కనిపిస్తోంది. అమీర్‌పేట్‌లో కోర్సు చేసినా, ఆన్‌లైన్‌లో చేసినా, మొదటి ప్రాజెక్ట్ టైటానిక్‌లో ఎవరు బతికారు, రెండోది ఐరిస్ పువ్వు ఏ జాతిది. ఆ డేటా తప్పని కాదు. కానీ దాన్ని ఇప్పటికే లక్షలమంది కడిగి, తుడిచి, ఆరబెట్టేశారు. అందులో మీరు చేయగలిగే కొత్త తప్పు ఏదీ మిగల్లేదు. డేటా పని అంటే ముప్పావు వంతు తప్పులు చేయడం, అవి తప్పులని కనిపెట్టడం. దానికి బేస్‌బాల్ లాంటి గ్రౌండ్ ఇంకోటి లేదని నా నమ్మకం.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పిచర్ అనేవాడు 18.44 మీటర్ల దూరం నుంచి బంతి విసురుతాడు. ఆ విసిరిన ఒక్కో బంతినీ పిచ్ అంటారు (మన క్రికెట్ పిచ్ అంటే నేల, ఇక్కడ పిచ్ అంటే బంతి, మొదటి వారం ఇది కొంచెం చిరాకు పెడుతుంది). బ్యాటర్ కొట్టి సేఫ్‌గా బేస్ చేరితే హిట్. కొట్టకుండా కూడా బేస్‌కి వెళ్లొచ్చు. పిచర్ స్ట్రైక్ జోన్ బయట నాలుగు బంతులు వేసి, బ్యాటర్ వాటిని ఓపిగ్గా వదిలేస్తే, నడుచుకుంటూ ఫస్ట్ బేస్‌కి పోవచ్చు. దాన్ని వాక్ అంటారు. ఇంత తెలిస్తే కింద చెప్పేది అర్థమవుతుంది.

ఇప్పుడు 2004 సీజన్ చూడండి. ఇచిరో సుజుకి 704 ఎట్‌బ్యాట్లలో 262 హిట్లు కొట్టాడు. ఒక సీజన్‌లో అన్ని హిట్లు కొట్టినవాళ్లు ఇప్పటివరకు ఎవరూ లేరు. బ్యాటింగ్ యావరేజ్ 0.372. అదే ఏడాది బ్యారీ బాండ్స్ 373 ఎట్‌బ్యాట్లలో 135 హిట్లు, యావరేజ్ 0.362. టీవీ స్క్రీన్ మీద ఈ రెండు నంబర్లు పక్కపక్కన పెడితే ఇచిరోనే పైన. కానీ బ్యాటింగ్ యావరేజ్ లెక్కలో వాక్‌లు అసలు ఉండవు. బాండ్స్‌కి ఆ ఏడాది 232 వాక్‌లు వచ్చాయి. అందులో 120 అవతలి టీమ్ కావాలనే ఇచ్చినవి, అంటే "నీకు బంతి వేయడం కంటే ఊరికే బేస్ ఇచ్చేయడం నయం" అని దండం పెట్టేశారన్నమాట. ఇచిరోకి వచ్చినవి 49. వాక్‌లు కూడా కలిపి, ఎన్నిసార్లు బ్యాటింగ్‌కి వస్తే ఎన్నిసార్లు ఔట్ కాకుండా బేస్ చేరాడు అని లెక్క కడితే, ఆ ఆన్‌బేస్ పర్సంటేజ్ ఇచిరోకి 0.414, బాండ్స్‌కి 0.609. పది పాయింట్లు వెనకబడ్డవాడు కాస్తా దాదాపు రెండొందల పాయింట్లు ముందుకు వెళ్లిపోయాడు. డేటా మారలేదు, అడిగిన ప్రశ్న మారింది.

మన ఫోన్ల లోకంలో అన్‌టుటు స్కోర్ ఏ పని చేస్తోందో, వంద ఏళ్లు బేస్‌బాల్‌లో బ్యాటింగ్ యావరేజ్ అదే పని చేసింది. ఒక్క నంబర్, చదవడానికి సులువు, వాదించుకోవడానికి ఇంకా సులువు. "పన్నెండు లక్షలు దాటింది బ్రో" అంటాం. ఏం దాటింది? అందులో జీపీయూ వాటా ఎంత, మెమరీ వాటా ఎంత, పదిహేను నిమిషాలు గేమ్ ఆడాక ఎంత మిగులుతుంది, ఇవి అడిగేవాళ్లు తక్కువ. ఇక్కడ రివ్యూలు రాసే నేను కూడా ఎన్నోసార్లు అడగలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. బాండ్స్ పేరు చుట్టూ స్టెరాయిడ్ల వివాదం ఉంది. ఆ 0.609 పక్కన అది ఏ కాలమ్‌లోనూ కనిపించదు. టేబుల్‌లో లేనిది ఉందని గుర్తుపెట్టుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

ఈ డేటా ఎక్కడి నుంచి వచ్చిందన్నది నాకు టెక్నాలజీ కంటే ఇష్టమైన కథ. 1970ల్లో బిల్ జేమ్స్ అనే ఆయన కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ ఊళ్లో, డబ్బాల్లో పోర్క్, బీన్స్ నింపే ఫ్యాక్టరీలో నైట్ వాచ్‌మన్. రాత్రిళ్లు ఖాళీ టైమ్‌లో పేపర్లలో వచ్చిన స్కోర్లు పెట్టుకుని లెక్కలు వేసేవాడు. 1977లో వాటిని సొంత ఖర్చుతో పుస్తకంగా వేశాడు. పావు శతాబ్దం తర్వాత బోస్టన్ రెడ్ సాక్స్ ఆయన్ని సలహాదారుగా పెట్టుకుంది. 2004లో ఆ టీమ్ 86 ఏళ్ల తర్వాత మళ్లీ వరల్డ్ సిరీస్ గెలిచింది. గెలిపించింది ఆయనే అని నేననను, మైదానంలో ఆడింది వేరేవాళ్లు. కానీ వాచ్‌మన్ కుర్చీ నుంచి ఆ గదిలోకి దారి ఎలా పడిందో చూడండి.

జేమ్స్ లాంటివాళ్లకి ఉన్న పెద్ద ఇబ్బంది, మ్యాచ్‌లో ప్రతి సందర్భంలో ఏం జరిగిందో రికార్డులు ఒకచోట లేకపోవడం. 1989లో డేవిడ్ స్మిత్ అనే బయాలజీ ప్రొఫెసర్ రెట్రోషీట్ మొదలుపెట్టాడు. పాత స్కోర్‌షీట్లు సంపాదించడం, వాలంటీర్లు కూర్చుని వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం, ఫైళ్లు అందరికీ ఫ్రీగా ఇవ్వడం. వాళ్లు అడిగేది ఒక్కటే, మా డేటా వాడితే మా పేరు ఒక లైన్‌లో చెప్పండి అని. ఇంకో పక్క షాన్ లామన్ పేరుమీద ఉన్న డేటాబేస్‌లో 1871 నుంచి ప్రతి సీజన్, ప్రతి ఆటగాడి లెక్కలు టేబుల్స్‌గా ఉంటాయి. పైథాన్ రాకపోయినా ఎక్సెల్‌లో తెరుచుకుంటాయి.

మొదటి రోజు చేయడానికి ఒక పని చెప్తాను. లామన్‌లో టీమ్స్ టేబుల్ తెరవండి. టీమ్ చేసిన రన్నుల వర్గాన్ని, చేసిన రన్నుల వర్గం, ఇచ్చిన రన్నుల వర్గం రెంటి మొత్తంతో భాగించండి. వచ్చిన దాన్ని 162తో గుణిస్తే ఆ టీమ్ ఎన్ని మ్యాచులు గెలిచి ఉండాలో అంచనా వస్తుంది. బిల్ జేమ్స్ ఫార్ములానే ఇది. 2001లో సియాటెల్ మారినర్స్ 927 రన్నులు చేసి 627 ఇచ్చింది. ఫార్ములా 111 అంటుంది, నిజంగా గెలిచినవి 116. 2002 ఓక్లాండ్ అథ్లెటిక్స్ 800 చేసి 654 ఇచ్చింది. ఫార్ములా 97 అంటుంది, నిజంగా 103. తేడా ఎందుకొచ్చింది? అదృష్టమా, దగ్గరి మ్యాచుల్ని గెలిపించే బౌలింగా (క్షమించాలి, పిచింగా)? అక్కడి నుంచి మీ అసలు ప్రాజెక్ట్ మొదలవుతుంది.

ఓక్లాండ్ అనగానే చాలామందికి మనీబాల్ గుర్తొస్తుంది. మైకేల్ లూయిస్ పుస్తకం 2003లో, బ్రాడ్ పిట్ సినిమా 2011లో. సినిమా బాగుంటుంది, నేను మూడుసార్లు చూశాను. కానీ సినిమా చూసి డేటా అంటే మంత్రం అనుకుంటే కష్టం. ఆ ఏడాది ఓక్లాండ్‌లో బ్యారీ జిటో అమెరికన్ లీగ్ బెస్ట్ పిచర్‌గా సై యంగ్ అవార్డ్ తీసుకున్నాడు, మిగెల్ తెహాదా అదే లీగ్‌కి మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్. ఇద్దరూ సినిమాలో ఎక్కడున్నారో వెతుక్కోవాలి. లెక్కలతో కనిపెట్టిన చవక ఆటగాళ్ల కథ చెప్పడానికి, ఉన్న స్టార్లని ఫ్రేమ్ బయట పెట్టేశారు. ఇది కూడా ఒక డేటా తప్పే, కావాల్సిన రోస్ ఫిల్టర్ చేసుకోవడం.

ఇప్పుడు మన సైట్ చదివేవాళ్లకి నచ్చే భాగం, హార్డ్‌వేర్. 2015 నుంచి మేజర్ లీగ్‌లోని 30 టీమ్‌ల స్టేడియాల్లో స్టాట్‌కాస్ట్ అనే ట్రాకింగ్ సిస్టమ్ ఉంది. మొదట ట్రాక్‌మ్యాన్ రాడార్, 2020 నుంచి హాక్‌ఐ కెమెరాలు, ఒక్కో స్టేడియంలో 12. అవును, మన క్రికెట్‌లో ఎల్‌బీడబ్ల్యూ రివ్యూలో చూసే ఆ హాక్‌ఐ కంపెనీనే, సోనీ చేతిలో ఉన్నది. బంతి పిచర్ చేతి నుంచి ఎంత స్పీడ్‌తో బయల్దేరింది, నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోంది, ఎటు వంగింది, బ్యాట్‌కి తగిలాక ఏ కోణంలో, ఏ వేగంతో వెళ్లింది, అన్నీ. 2024 నుంచి బ్యాట్ ఊపిన వేగం కూడా ఇస్తున్నారు. ఇవన్నీ బేస్‌బాల్ సావంత్ అనే సైట్‌లో ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అకౌంట్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. లాస్ ఏంజెలెస్‌లో సాయంత్రం మ్యాచ్ మొదలయ్యేసరికి మనకి పొద్దున టిఫిన్ టైమ్. మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చుంటే ఆ మ్యాచ్‌లో ఒహ్తాని కొట్టిన ప్రతి బంతి వేగం మీ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది.

పైథాన్‌లో అయితే పైబేస్‌బాల్ అనే లైబ్రరీ ఉంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు కావాలో చెప్తే చాలు, డేటాఫ్రేమ్ తెచ్చి చేతిలో పెడుతుంది. సోర్స్ సైట్‌లో ఏదైనా మారితే అప్పుడప్పుడు మొరాయిస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. క్యాష్ ఆప్షన్ ఆన్ చేయడం మర్చిపోకండి. ఒకసారి దించుకున్నది మీ డిస్క్‌లో ఉంటుంది, వాళ్ల సర్వర్‌ని రోజూ పిండినట్టు ఉండదు.

"దీనికి ఏ ల్యాప్‌టాప్ కొనాలి అన్నా?" అన్నది నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న. నా జవాబు, కొనకండి. ఒక సీజన్ అంటే 2,430 మ్యాచులు, దాదాపు 7 లక్షల పిచ్‌లు, వంద దాకా కాలమ్స్. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఒక సీజన్ హాయిగా తెరుచుకుంటుంది. అయిదు సీజన్లు ఒకేసారి పాండాస్‌లోకి లాగితే ఫ్యాన్ మోత మొదలై మెషిన్ బిగుసుకుపోతుంది. దానికి మందు కొత్త మెషిన్ కాదు. డేటాని సీఎస్‌వీ బదులు పార్కే ఫార్మాట్‌లో సేవ్ చేసుకుని, డక్‌డీబీతో కావాల్సిన కాలమ్స్ మాత్రమే చదవండి. అదే పాత మెషిన్ మీద అయిదు సీజన్ల యావరేజ్ రెప్పపాటులో వస్తుంది. ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డ్ ఈ పనిలో ఒక్క సెకను కూడా వాడం. "డేటా సైన్స్‌కి బెస్ట్ ల్యాప్‌టాప్స్" అంటూ లక్షన్నర రూపాయల గేమింగ్ మెషిన్లు లిస్ట్ చేసే వీడియోలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ల్యాప్‌టాపే లేకపోతే ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ నడుస్తుంది. ఫోన్ స్క్రీన్ మీద కోడ్ టైప్ చేయడం నరకం. ఒక మామూలు బ్లూటూత్ కీబోర్డ్ ఉంటే అది కూడా జరిగిపోతుంది.

సరే, ఇప్పుడు నా పరువు తీసుకునే భాగం.

స్టాట్‌కాస్ట్ డేటా మొదటిసారి దించినప్పుడు అందరిలాగే బ్యాటింగ్ యావరేజ్ లెక్కేద్దామని కూర్చున్నాను. హిట్ల సంఖ్యని రోస్ సంఖ్యతో భాగించాను. లీగ్ మొత్తానికి 0.06 వచ్చింది. మామూలుగా అది 0.250 చుట్టుపక్కల ఉండాలి. కోడ్‌లో ఎర్రర్ లేదు, రన్ అయింది, గ్రాఫ్ కూడా అందంగా వచ్చింది. అర్ధరాత్రి దాకా తల బద్దలు కొట్టుకున్నాక అర్థమైంది, ఇందులో ఒక రో అంటే ఒక బ్యాటర్ వంతు కాదు, ఒక బంతి. ఒక బ్యాటర్ ఆరు బంతులు ఎదుర్కొంటే ఆరు రోస్, ఫలితం చివరి రోలో మాత్రమే ఉంటుంది. మిగతా అయిదింటిలో ఆ కాలమ్ ఖాళీ. ఏ డేటా తెరిచినా "ఒక రో అంటే ఏంటి?" అన్నదే ఇప్పుడు నా మొదటి ప్రశ్న. ఏ కోర్సూ నాకు అది అంత గట్టిగా నేర్పలేదు.

రెండో తప్పు, మార్చి నెల తేదీలు ఇచ్చి స్ప్రింగ్ ట్రైనింగ్ మ్యాచులు కూడా కలిపేసుకున్నాను. అవి ప్రాక్టీస్ మ్యాచులు, గేమ్ టైప్ కాలమ్‌లో వేరే అక్షరం ఉంటుంది, చూడలేదు.

మూడోది కొంచెం సీరియస్. పిచర్ల స్పీడ్ 2008 నుంచి ఏటా ఎలా పెరిగిందో గ్రాఫ్ గీసి, కింద పెద్ద పెద్ద కంక్లూజన్లు రాసుకున్నాను. పబ్లిష్ చేసే ముందు ఎందుకో సావంత్ డాక్యుమెంటేషన్ పేజీ చదివాను. 2008 నుంచి 2016 దాకా ఉన్న స్పీడ్‌లు పిచ్ ఎఫ్‌ఎక్స్ అనే పాత కెమెరా సిస్టమ్‌వి, వాటిని బంతి చేయి వదిలే చోటికి సుమారుగా సర్దుబాటు చేశారు. 2017 నుంచి ఉన్నవి స్టాట్‌కాస్ట్‌వి, నేరుగా చేయి వదిలే చోటే కొలిచినవి. అంటే నా గ్రాఫ్‌లో ఒకే గీతలా కనిపిస్తున్నది నిజానికి రెండు కొలబద్దలు. పిచర్లు స్పీడ్ పెంచిన మాట నిజమే. కానీ నేను గీసిన పెరుగుదలలో ఎంత మనుషులది, ఎంత మెషిన్‌ది అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. "సుమారుగా" అన్న ఒక్క మాట నా పేజీన్నర విశ్లేషణని మింగేసింది. అన్‌టుటు పాత వెర్షన్ స్కోర్‌నీ, కొత్త వెర్షన్ స్కోర్‌నీ పక్కన పెట్టి "ఫోన్ ఎంత ఫాస్ట్ అయిందో చూశారా" అనడం లాంటిదే ఇది.

ఈ మధ్య ఇదంతా ఏఐ చాట్‌బాట్‌తో చేయించొచ్చు కదా అంటున్నారు. చేయించొచ్చు, నేనూ చేయిస్తున్నాను. ఒకసారి ఒక ఆటగాడి సీజన్ ఆన్‌బేస్ పర్సంటేజ్ అడిగితే, నెలనెలా పర్సంటేజ్‌లు తీసి వాటి యావరేజ్ ఇచ్చింది. గాయంతో నాలుగు మ్యాచులే ఆడిన నెలకీ, ఇరవై ఏడు మ్యాచులు ఆడిన నెలకీ ఒకే బరువు. కోడ్ చక్కగా ఉంది, కామెంట్లు కూడా రాసింది, జవాబు తప్పు. నేను పట్టుకోగలిగానంటే కారణం ఒకటే, సరైన జవాబు ఎంత ఉండాలో బయట చూసుకునే వీలుంది. ఏ స్టాట్ అయినా నాలుగు చోట్ల పబ్లిక్‌గా ఉంటుంది, మీ లెక్క దానితో కలవాలి. కలవకపోతే తప్పు మీదే. నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి మాస్టారు దొరకడు.

చెత్తడబ్బా దగ్గరికి వద్దాం. క్యాచర్ వేళ్లతో సైగ చేసి ఏ రకం బంతి వేయాలో పిచర్‌కి చెప్తాడు. ఆస్ట్రోస్ టీమ్ 2017లో సెంటర్ ఫీల్డ్ కెమెరా ఫీడ్‌ని డగౌట్ వెనక ఒక మానిటర్‌లో పెట్టుకుని, ఆ సైగలు చూసి, నెమ్మదైన బంతో, తిరిగే బంతో వస్తుంటే అక్కడున్న చెత్తడబ్బా మీద కొట్టేది. చప్పుడు లేకపోతే ఫాస్ట్‌బాల్. బ్యాటర్‌కి ముందే తెలిసిపోతుంది. ఆ ఏడాది వాళ్లు వరల్డ్ సిరీస్ గెలిచారు. 2019 నవంబర్‌లో విషయం బయటపడింది, 2020 జనవరిలో లీగ్ 50 లక్షల డాలర్ల జరిమానా వేసి, జనరల్ మేనేజర్‌నీ, మేనేజర్‌నీ ఏడాది సస్పెండ్ చేసింది. డ్రాఫ్ట్ పిక్స్ కూడా లాగేసుకుంది. ఆటగాళ్లకి శిక్ష పడలేదు.

ఆ అభిమాని చేసిందేంటంటే, స్టాట్‌కాస్ట్‌లో ప్రతి బంతికీ ఉన్న టైమ్‌స్టాంప్ తీసుకుని, మ్యాచ్ వీడియోలో సరిగ్గా ఆ క్షణం దగ్గర ఆడియోని స్పెక్ట్రోగ్రామ్‌గా మార్చే ప్రోగ్రామ్ రాశాడు. చప్పుడు వస్తే బొమ్మలో గీతలా కనిపిస్తుంది. తర్వాత ప్రతి బంతీ తనే ప్లే చేసి నిర్ధారించుకున్నాడు. మెషిన్ లెర్నింగ్ లేదు, గొప్ప అల్గారిదమ్ లేదు. టైమ్‌స్టాంప్ జోడించడం, వినడం, రాసుకోవడం, 8,274 సార్లు. చివర్లో ఆ ఫలితాలన్నీ ఎవరైనా చూసుకునేలా బయటపెట్టాడు. తను ప్రేమించిన టీమ్ ట్రోఫీ మీద తనే మచ్చ లెక్కపెట్టడం ఎంత కష్టమో, ఏ టీమ్‌కైనా అభిమాని అయినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఆ లెక్కలో తేలిన ఒక వివరం నాకు బాగా గుర్తుండిపోయింది. టీమ్ స్టార్ హోసే ఆల్టువే బ్యాటింగ్‌లో ఉన్నప్పుడు చప్పుళ్లు చాలా తక్కువ, 24 మాత్రమే. అప్పటికి జనం ఎక్కువ తిట్టింది ఆయన్నే. అంటే అదే డేటా టీమ్‌ని పట్టించింది, ఒక మనిషి మీద పడ్డ నిందని కొంచెం తగ్గించింది కూడా. ఆయన నిర్దోషి అని అది రుజువు చేయలేదు, వేరే దారిలో సమాచారం అందిందా అన్నది చప్పుళ్ల లెక్క చెప్పలేదు. చెప్పగలిగినంతే చెప్పింది.

ఇంకో వైపు చూడండి. సైగల్ని డీకోడ్ చేయడానికి ఆస్ట్రోస్ ఆఫీస్‌లో కోడ్‌బ్రేకర్ అని పిలుచుకున్న టూల్ వాడారు. అది ఎక్సెల్ ఆధారంగా చేసిన అప్లికేషన్. మోసానికి వాడిందీ ఎక్సెలే, వేరేవాళ్లు ఆ మోసాన్ని కొలిచిందీ అలాంటి సాదా టూల్సే. లోపల ఏసీ గదిలో ఉన్నవాళ్లకీ, బయట ఇంట్లో కూర్చున్నవాడికీ టూల్స్‌లో పెద్ద తేడా లేదు. బయటివాడికి డేటా అందుబాటులో ఉంది, అదే తేడా తెచ్చింది.

క్రికెట్ ఉండగా బేస్‌బాల్ ఎందుకు అని అడుగుతారని తెలుసు. క్రిక్‌షీట్ అనే సైట్‌లో ఐపీఎల్ సహా వేల మ్యాచుల బాల్ బై బాల్ డేటా ఫ్రీగా ఉంది, చాలా మంచి పని. మీకు క్రికెట్ మీదే మనసుంటే దాంతోనే మొదలుపెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అందులో ఎవరు వేశారు, ఎవరు ఆడారు, ఎన్ని రన్నులు అన్నవరకే ఉంటుంది. బుమ్రా బంతి స్పీడ్ ఎంత, ఎక్కడ పడింది, ఎంత వంగింది అన్నవి టీవీలో కనిపిస్తాయి, సావంత్‌లాగా సీజన్ మొత్తం దించుకునే తలుపు లేదు. అదే కంపెనీ కెమెరాలు, అదే రకం డేటా. ఒక ఆటలో కాలేజీ కుర్రాడి చేతికి వస్తుంది, ఇంకో ఆటలో టీవీలో ఒక గ్రాఫిక్‌గా మెరిసి మాయమవుతుంది. మన దేశంలో ఇంతమంది కోడర్లు, ఇంత క్రికెట్ పిచ్చి ఉండి, ఆ తలుపు తెరవకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

గ్యాడ్జెట్ల విషయానికొస్తే 2022 గుర్తు తెచ్చుకోండి. శాంసంగ్ గేమ్ ఆప్టిమైజింగ్ సర్వీస్ వేల యాప్స్‌ని నెమ్మది చేస్తోందనీ, బెంచ్‌మార్క్ యాప్స్‌ని మాత్రం వదిలేస్తోందనీ యూజర్లే కనిపెట్టారు. బెంచ్‌మార్క్ యాప్‌కి ఒక గేమ్ ప్యాకేజ్ పేరు పెట్టి మళ్లీ రన్ చేస్తే స్కోర్ పడిపోయింది. గీక్‌బెంచ్ వాళ్లు ఎస్10 నుంచి ఎస్22 దాకా గెలాక్సీ ఎస్ సిరీస్ ఫోన్లని చార్ట్ నుంచి తీసేశారు. హ్యూస్టన్ అభిమాని కథే, వేరే సెట్టింగ్‌లో. ఎవరి ఇంట్లో వాళ్లు మళ్లీ చేసి చూసుకోగలిగే టెస్ట్ కాబట్టి దొరికిపోయారు.

మరి మా రివ్యూల సంగతి? బ్యాటరీ 7 గంటల 40 నిమిషాలు అని నేను రాస్తే, మీకు చేతికొచ్చేది ఆ ఒక్క నంబరే. అది ఎన్నిసార్లు చేసిన టెస్ట్, బ్రైట్‌నెస్ ఎంత, సిగ్నల్ ఎలా ఉంది, వైఫైనా 5జీనా, ఏదీ మీ దగ్గర ఉండదు. నేను చెప్పాను, మీరు నమ్మాలి. రెట్రోషీట్ వాలంటీర్లు ఎప్పుడో జరిగిన మ్యాచులకే అన్ని కాలమ్స్ నింపి ఊరికే ఇస్తుంటే, నిన్న నా టేబుల్ మీద జరిగిన టెస్ట్‌కి నేను అయిదు కాలమ్స్ ఇవ్వలేనా అని సిగ్గేసింది.

అందుకే వచ్చే రివ్యూ నుంచి బ్యాటరీ, థర్మల్ టెస్టుల ముడి డేటా సీఎస్‌వీగా పెడుతున్నాను. ఒక రో అంటే ఒక నిమిషం. మొదటి కాలమ్ టైమ్, రెండోది బ్యాటరీ శాతం, మూడోది ఫోన్ టెంపరేచర్, నాలుగోది రూమ్ టెంపరేచర్, అయిదోది బ్రైట్‌నెస్. ఆ నాలుగో కాలమ్ కోసం పాత నోట్స్ తిరగేస్తుంటే తెలిసింది, మే నెలలో విజయవాడలో ఫ్యాన్ కింద చేసిన టెస్టుల్నీ, డిసెంబర్‌లో చేసిన టెస్టుల్నీ ఇన్నాళ్లూ ఒకే ర్యాంకింగ్ టేబుల్‌లో పెట్టాను. ఆ టేబుల్‌ని ఈ వారమే తీసేస్తున్నాను.